నట్టు ముట్టుకోవద్దన్న సార్

మన బ్యాచ్ సంచిక కమిటీ వాళ్లు ఫోన్ చేసి, రెండు పేజీలు రాసి ఫొటో పంపు, ఆలస్యం చేస్తే నీ పేరు మీద మేమే ఏదో ఒకటి రాసి అచ్చేస్తాం అని బెదిరించారు. ఆ గొంతు ఎవరిదో చెప్పక్కర్లేదు, వెనక బెంచీ మొత్తానికి హాజరు పలికిన గొంతే. గబ్బిలం సంగతి, సమ్మె రోజు గోడ దూకిన ముగ్గురి సంగతి, లేత్ మెషిన్ దగ్గర చదివిన ప్రేమలేఖ, ఇవన్నీ ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు, కనీసం ఇద్దరు రాస్తారు. నేను స్కూటర్ గురించే రాస్తాను. అవును, ఆ స్కూటరే. మొదటి ఏడాదిలో ఏం చదివామో నాకు గుర్తులేదు, చివరి ఏడాది అసలు జరిగిందా అని అనుమానం, ఆ స్కూటర్ ముందు చక్రం మాత్రం ఇప్పటికీ కళ్లముందు ఊగుతూనే ఉంటుంది.

వర్క్‌షాప్ సార్ దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. రంగు కొత్తది, మిగతాదంతా పాతది. లోపలికి నడుపుకుంటూ వచ్చి స్టాండ్ వేసి, "దీన్ని నేను నడుపుతున్నానో, ఇది నన్ను నడుపుతోందో తేల్చండిరా" అన్నాడు. బోర్డు మీద మూడు ఫిర్యాదులు రాశాడు. ఓ మోస్తరు వేగంలో వెళ్తూ యాక్సిలరేటర్ వదిలి చేతుల పట్టు కాస్త సడలిస్తే హ్యాండిల్ గజగజ ఊగుతోంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడేమో తిన్నగా పోదు, అటో ఇటో పోతుంటే సరిచేస్తూనే ఉండాలి. పైగా ఎప్పుడు చూసినా కుడికే లాగుతుంది. కింద ఎర్ర సుద్దతో ఇంకో లైను: పానా ముట్టుకున్నవాడికి ప్రాక్టికల్ మార్కులు సున్నా.

ఆ తర్వాత జరిగింది మీకు తెలిసిందే, క్లాసు మూడు పార్టీలైంది. కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్‌దే తప్పన్న పార్టీ పెద్దది, దాని నాయకుడు స్కూటర్‌ని చూడకముందే తీర్పు చెప్పేశాడు. టైర్ పార్టీలో అమ్మాయిలందరూ ఉన్నారు కాబట్టి సగం మంది అబ్బాయిలూ అందులోనే చేరారు. ఫోర్క్, అంటే హ్యాండిల్ నుంచి ముందు చక్రం దాకా దిగే కాడ, వంగిందన్నది కళ్ళజోడు ఒక్కడే, వాడు ఏ విషయంలోనైనా ఒక్కడే. నేను ఎటూ చేరలేదు, రేడియో అని మనం పిలిచేవాడి పక్కన కూర్చున్నాను. వాడు అప్పటికే స్కూటర్ కింద పడుకుని ఉన్నాడు, నిద్రకో పరిశోధనకో ఎవరికీ తెలియదు.

సార్ ముందు చరిత్ర చెప్పాడు, తిట్టుకున్నాం గానీ నాకు అదే మొదటి రుచి. ఇలాంటి స్కూటర్లకి మూలమైన వెస్పాకి 1946లో పేటెంట్ తీసుకున్నప్పుడు దాన్ని రూపొందించిన కొరాడినో డస్కానియో అసలు విమానాల ఇంజనీరు, హెలికాప్టర్ల మీద పనిచేసినవాడు, మోటార్‌సైకిల్ అంటే ఆయనకి పడదు. అందుకే ముందు చక్రాన్ని రెండు కాళ్ల మధ్య బిగించకుండా విమానం చక్రంలా ఒక్క పక్కనుంచి పట్టుకునేలా పెట్టాడు. టైరు మార్చాలంటే కారుకి తీసినట్టు తీసేయొచ్చు. బాగుంది గానీ చక్రం చిన్నది, పెద్ద చక్రానికి ఉన్నంత స్థిరత్వం దానికి రాదు, కాబట్టి ఎక్కడ కొంచెం లూజున్నా చేతికి వెంటనే తెలుస్తుంది. ఇంజనేమో కుడి పక్కన వేలాడుతుంది. "లోపాలు అన్నీ తీసేశాక కూడా కొంచెం కుడికి మొగ్గుతుంది, దాని వెంటపడి జీవితం పాడుచేసుకోకండి, అంతకంటే ఎక్కువ లాగితేనే రోగం" అన్నాడు.

టైర్ పార్టీకి మొదటి అవకాశం ఇచ్చాడు. గేజ్ పెడితే ముందు టైర్లో 9 పౌండ్లు. ఆ 10 అంగుళాల చక్రానికి మాన్యువల్లో ఉన్నవి ముందు 18, వెనక ఒక్కరే ఎక్కితే 25, ఇద్దరెక్కితే 36. గాలి పట్టాక సార్ ఒక రౌండ్ వేసి వచ్చాడు, ఊగడం సగం తగ్గింది, అమ్మాయిలు చప్పట్లు కొట్టారు, కోన్‌సెట్ నాయకుడి మొహం చూడాల్సింది. మిగతా సగం కోసం ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, రిమ్ము దగ్గర సుద్దముక్క కదలకుండా పట్టుకుని చక్రం తిప్పించాడు. ఒక్క చోటే గీత పడింది. ఆ రిమ్ములు రెండు రేకుల్ని బోల్టులతో కలిపినవి కదా, మధ్యలో మట్టి ఉన్నా, ట్యూబు చిటికెడు ఇరుక్కున్నా చక్రం వంకరగా తిరుగుతుంది. మనవాడొకడు ఉత్సాహంగా ఆ బోల్టులే విప్పబోతే సార్ అరిచిన అరుపు ప్రిన్సిపాల్ గది దాకా వినిపించింది. గాలి మొత్తం తీయకుండా రిమ్ము బోల్టు విప్పితే అది మొహం మీదకి ఎగురుతుంది. ఎవరో తెలుసుగా, ఇప్పుడు మనకి పాలసీలు అమ్ముతున్నాడు.

చేత్తో చూసే పరీక్షలు మొదలయ్యాయి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. టకటకమంటే వెంటనే బేరింగ్ అనేయకూడదు. ముందు బ్రేకు నొక్కి పట్టుకుని మళ్లీ ఊపాలి. బ్రేకు పట్టాక లూజు మాయమైతే అది చక్రం బేరింగ్‌ది, ఎందుకంటే డ్రమ్ము ప్లేటుకి అతుక్కుపోయింది. అప్పటికీ ఆడుతుంటే చక్రాన్ని మోసే లింకు పిన్నుదో, ఆ పిన్ను చుట్టూ ఉండే బుష్‌దో, లేదా పైన కోన్‌సెట్‌దో. ఇంత చిన్న ఉపాయం నేను తర్వాత చూసిన పెద్ద పెద్ద సర్వీస్ సెంటర్లలో కూడా చాలామందికి తెలియదు. మన స్కూటర్‌కి బ్రేకు పట్టినా ఆడింది. ముందు భాగాన్ని కిందికి నొక్కి వదిలితే ఒక్కసారి లేచి ఆగాల్సింది, కుర్చీలాట ఆడుతున్నట్టు లేస్తూ కూర్చుంటూ పోయింది. షాక్‌అబ్జార్బర్‌లో స్ప్రింగు తప్ప ఇంకేం మిగల్లేదు. లింకు బుష్ కూడా అరిగిపోయింది. మొదటి ఫిర్యాదుకి జవాబు ఆ రెండిట్లో, ఆ వంకర రిమ్ములో ఉంది, స్టీరింగ్‌లో లేదు.

ఇక కోన్‌సెట్. నాయకుడి రోజు వచ్చింది. స్కూటర్ పొట్ట కింద చెక్కదిమ్మ పెట్టి ముందు చక్రం లేపి, హ్యాండిల్‌ని రెండు వేళ్లతో, బలం పెట్టకుండా, ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పమన్నాడు సార్. వరసగా అందరం తిప్పాం. సరిగ్గా మధ్యకి రాగానే చిన్న గుంటలో పడ్డట్టు ఆగుతుంది, కొంచెం తోస్తే మళ్లీ కదులుతుంది. బండి జీవితమంతా తిన్నగానే పోతుంది కాబట్టి గుంతలో పడ్డ ప్రతి దెబ్బా కోన్‌సెట్ బాల్స్ కూర్చునే కప్పులో అదే చోట పడుతుంది, గ్రీజు అక్కణ్ణుంచి తప్పుకుంటుంది, మెల్లగా అచ్చులు పడతాయి. దానికి తోడు పాత ఓనర్ దగ్గర ఎవరో మెకానిక్, హ్యాండిల్ ఊగుతోందని వినగానే పైన రింగ్ నట్టు పట్టి బిగించేశాడు. ఊగడం కొంచెం అణగింది, బదులుగా హ్యాండిల్ బిగుసుకుంది. తిన్నగా పోవాలంటే ముందు చక్రం ప్రతి క్షణం కొంచెం కొంచెం తనంతట తాను తిరుగుతూ ఉండాలి. దాన్ని బిగించేస్తే ఆ పని నడిపేవాడి నెత్తిన పడుతుంది, అదే రెండో ఫిర్యాదు. ఎర్ర సుద్ద లైను ఎందుకు రాశాడో అప్పుడు అర్థమైంది. లక్షణం వినగానే నట్టు పట్టుకునేవాడు రోగాన్ని దాచిపెడతాడు తప్ప తీయడు.

విప్పడానికి అనుమతి వచ్చాక వర్క్‌షాప్ పెళ్లిల్లు అయిపోయింది. కేబుళ్లు ఊడదీశాం, హుక్ స్పానర్‌తో లాక్ రింగు, దాని కింద పళ్ల వాషర్, దాని కింద అసలు నట్టు. ఫోర్క్ కిందికి జారగానే బాల్స్ నేలంతా దొర్లాయి, రెండో బెంచీ కవయిత్రి అయస్కాంతం కట్టిన స్కేలుతో బల్లల కింద వెతికిన దృశ్యం మీద ఆవిడే కవిత రాసింది, కమిటీ దగ్గర ఉంటే వేయాలి. పాత బాల్స్‌ని కొత్త కప్పుల్లో వేయనివ్వలేదు సార్, పైవి కిందవి కలపనివ్వలేదు. కప్పు నిండా గ్రీజు పెడితే బాల్స్ అందులో అంటుకుని నిలబడతాయి, అప్పుడు ఫోర్క్ నిదానంగా ఎక్కించాలి. నట్టు చేతికి అందినంత బిగించి, బాల్స్ కుదురుకునేలా హ్యాండిల్ తిప్పి, మళ్లీ కొద్దిగా వెనక్కి వదలాలి. ఎంత వదలాలి అంటే అంకె చెప్పడు. చక్రం గాల్లో ఉండగా, కేబుళ్లు తగిలించకముందు, ఫోర్క్ తన బరువుకి తనే పక్కకి వాలాలి. అదే సమయంలో ఫోర్క్ కొన పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే కింది కప్పు దగ్గర పెట్టిన వేలికి టక్కుమని తగలకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదిరే చోటు చాలా ఇరుకు. నాకది దొరికినప్పుడు సార్ ఏమీ అనలేదు, పక్కవాడికి చూపించు అన్నాడంతే.

కేబుళ్లు తగిలించాక హ్యాండిల్ ఎడమకి తిప్పితే ఇంజన్ తనంతట తానే రేజ్ అయింది. యాక్సిలరేటర్ కేబుల్ తప్పుదారిలో వెళ్లి బిగుసుకుంది. టెన్షన్ పడ్డాం గానీ అది పది నిమిషాల పని.

మూడో ఫిర్యాదు మాత్రం అలాగే ఉండిపోయింది. కుడికే లాగుతోంది. కళ్ళజోడు గంట సేపు ముందు నుంచి ఒక కన్ను మూసి చూసి ఫోర్క్ వంగిందన్నాడు, వెనక టైరు పక్కన తాడు లాగి కట్టి చూస్తే ఫోర్క్ నిక్షేపంగా ఉంది, వంకర వెనక చక్రంలో ఉంది. అప్పుడు కింద నుంచి రేడియో గొంతు, "వెనక చక్రాన్ని పక్కకి తోయండ్రా ఒకసారి". తోశాం. "మళ్లీ". మళ్లీ తోశాం. ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే పొడుగు బోల్టు దగ్గర రబ్బరు బుష్‌లు పిండయ్యాయి, చక్రం తోసినప్పుడల్లా ఇంజన్ మొత్తం కదులుతోంది. కుడి పక్కన అంత బరువుంటే వెనక చక్రం వాలక ఏం చేస్తుంది. ముందు భాగాన్ని అన్ని రోజులు పట్టుకు వేలాడిన మేమంతా వెనక్కి తిరిగి చూశాం.

నేను ఇప్పుడు ద్విచక్ర వాహనాలు పరీక్షించే విభాగంలో ఉన్నాను, కొన్నాళ్లుగా దాని బాధ్యత నాదే. మా దగ్గర హ్యాండిల్ ఊపుని రికార్డు చేసే సెన్సార్లున్నాయి, సెకనుకి 4 నుంచి 10 సార్లు దాకా కొట్టుకునేది హ్యాండిల్ ఊపు, అంతకంటే నెమ్మదిగా బండి మొత్తం ఈదినట్టు పోయేది వేరే జాతి, ఆ రెండోది చాలాసార్లు వెనక నుంచే వస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు గ్రాఫు తెచ్చి చూపిస్తారు. బాగానే చదువుతారు కూడా. నేను గ్రాఫు చూసేముందు బండి దగ్గరకి వెళ్లి కింది కప్పు మీద వేలు పెడతాను, వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. మా అమ్మాయి బండి నేర్చుకున్నప్పుడు కూడా మొదట చెప్పింది అదే కోవ: హ్యాండిల్ ఊగితే బిగించి పట్టుకోకు, బ్రేకు కొట్టకు, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి ఒళ్లు కొంచెం ముందుకి వంచు, వెనక క్యారియర్ మీద బరువులు కట్టకు. ఇంట్లో సార్ పేరు నేను ఎన్నిసార్లు ఎత్తుతానో మా ఆవిడనడగండి.

ఇక ఒక్క విషయం రాసి ముగిస్తాను, ఎందుకంటే ఇది అచ్చులో ఉంటుంది. పోయినసారి కలిసినప్పుడు కోన్‌సెట్ నాయకుడు మైకు పట్టుకుని ఇంజన్ బుష్‌లు తనే కనిపెట్టానని చెప్పుకున్నాడు, రేడియో నవ్వి ఊరుకున్నాడు. కనిపెట్టింది రేడియోనే. నేను వాడి పక్కనే ఉన్నాను, టార్చ్ పట్టుకున్నది నేనే.