నీళ్ల గేమ్‌లో ముందు తేల్చాల్సిన అంకె

నీళ్లలో జరిగే యాక్షన్ అడ్వెంచర్ గేమ్ మొదలుపెట్టే వాళ్లలో చాలామంది మొదటి వారమే స్క్రీన్ మీద నీలం పూత పూసి, నాలుగు బుడగలు వదిలి, సముద్రం వచ్చేసిందనుకుంటారు. స్క్రీన్‌షాట్‌కి అది చాలు. కంట్రోలర్ పట్టుకున్నవాడికి మాత్రం నేల మీద గేమ్‌లో గురుత్వాకర్షణ ఆపేసినట్టుంటుంది, అంతే. నీళ్లున్నట్టు ముందు బొటనవేలికి తెలియాలి. తెలిపేది ఒకే ఒక్క అంకె: డ్రాగ్, అంటే వేగాన్ని నీరు ఎంత తొందరగా తినేస్తుందనేది. అది ఖాయం కాకుండా ఒక్క లెవెల్ కూడా గీయొద్దు.

చెన్నైలో ఇద్దరు ముగ్గురు ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని చేసే గేమ్‌కి గోడో 4 అనే గేమ్ ఇంజిన్ సరిపోతుంది. డబ్బు కట్టక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు. కింది లెక్కలన్నీ అందులో 2డి గేమ్‌కి.

యాక్సిలరేషన్, అంటే బటన్ నొక్కితే వేగం పెరిగే జోరు, 650, డ్రాగ్ 2.5 అనుకోండి. గరిష్ఠ వేగం ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే వస్తుంది: సెకనుకు 260 పిక్సెళ్లు. బటన్ వదిలాక మనిషి జారే దూరం కూడా అంతే తేలిక, వేగాన్ని మళ్లీ డ్రాగ్‌తో భాగించాలి: 104 పిక్సెళ్లు. ఈతగాడి బొమ్మ 64 పిక్సెళ్లుంటే, ఒకటిన్నర ఒళ్ల పొడవు దాటి ఆగుతాడు. అదే గరిష్ఠ వేగంతో డ్రాగ్ 1 పెడితే 260 పిక్సెళ్లు జారతాడు, నూనె ఒలికిన గచ్చు మీద నడిచినట్టుంటుంది. 6 పెడితే 43 పిక్సెళ్లకే ఆగిపోతాడు, ఇక నీళ్లెక్కడివి? 2కీ 3కీ మధ్య ఎక్కడో మీ అంకె దొరుకుతుంది.

ఇక్కడ దాదాపు అందరూ పడే గుంట ఒకటుంది: ప్రతి ఫ్రేమ్‌కీ వేగాన్ని 0.95తో గుణించడం. 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 ఫ్రేములు చూపే మానిటర్ మీద అది 3.1 డ్రాగ్‌తో సమానం, 144 హెర్ట్జ్ మీద 7.4తో సమానం. అంటే మీ గేమ్ మీ ఇంట్లో ఒకలా, కొన్నవాడి ఇంట్లో ఇంకోలా ఆడుతుంది. డ్రాగ్‌ని డెల్టాతో, అంటే గత ఫ్రేమ్ నుంచి గడిచిన సెకన్లతో గుణించి, మైనస్ గుర్తు పెట్టి, ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్‌కి ఇచ్చి, వచ్చినదాంతో వేగాన్ని గుణించండి. ఆ పని ఫిజిక్స్ ప్రాసెస్‌లోనే, అంటే మానిటర్‌తో సంబంధం లేకుండా సమాన వ్యవధిలో నడిచే ఫంక్షన్‌లోనే చెయ్యండి. పై లెక్కకీ దీనికీ గరిష్ఠ వేగంలో రెండు శాతం దాకా తేడా రావచ్చు, పట్టించుకోవద్దు.

ఈతగాడిని కదపడానికి గోడో ఇచ్చే క్యారెక్టర్‌బాడీ2డి నోడ్ వాడుతుంటే మోషన్ మోడ్‌ని గ్రౌండెడ్ నుంచి ఫ్లోటింగ్‌కి మార్చండి. మార్చకపోతే ఇంజిన్ అడుగు ఇసుకని నేల అనుకుంటుంది, పైకప్పు రాయిని సీలింగ్ అనుకుంటుంది, ఈతగాడు ఇసుకకి అతుక్కున్నట్టు పోతాడు. ఫ్లోటింగ్‌లో అన్నీ గోడలే. అయినా రాయికి దాదాపు ఎదురుగా వెళ్లి తగిలితే ఠక్కున ఆగిపోవడం కనిపిస్తుంది. గోడ వెంట జారడానికి కావలసిన కనీస కోణం, వాల్ మిన్ స్లైడ్ యాంగిల్, డిఫాల్ట్‌గా 15 డిగ్రీలుండటమే దానికి కారణం. సున్నా చేస్తే రాయి పక్కగా జారిపోతాడు.

ఇక ఆ 104 పిక్సెళ్లు మిగతా గేమ్‌ని ఎలా శాసిస్తాయో చూడండి. ముళ్లున్న సందు 150 పిక్సెళ్లకంటే ఇరుకైతే అది ఆటగాడి తప్పు కింద రాదు, మీ తప్పే. శత్రువు దాడికి ముందు ఇచ్చే సైగ కూడా ఇక్కడి నుంచే వస్తుంది. డ్రాగ్ 2.5 అయితే వేగం మూడో వంతు దరిదాపుకి పడటానికి 0.4 సెకను పడుతుంది. నేల మీద గేమ్‌ల అలవాటుతో మొరే ఈల్‌కి, అంటే పాములాంటి చేపకి, 0.3 సెకను సైగ పెడితే, చూసినవాడు కూడా తప్పించుకోలేడు. 0.6 నుంచి 0.7 దాకా ఇవ్వండి. ఆరు నెలల తర్వాత ఎవరో చెప్పారని డ్రాగ్ మార్చారా, ఈ కొలతలన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

ఊపిరి సంగతి కూడా అంతే. అసలు ఊపిరి మీటర్ ఉండాలా అన్నది ముందు తేల్చుకోండి. 2007లో వచ్చిన అక్వేరియా గేమ్‌లో కథానాయిక నాయిజాకి ఊపిరి బెంగ లేదు, ఆమె నీళ్లలో ప్రాణే. 2016 నాటి అబ్జూలోనూ లేదు, అక్కడ తిరగడమే ఆట. సబ్‌నాటికా మాత్రం మొదట్లో 45 సెకన్ల గాలే ఇచ్చి భయాన్ని దాని మీదే కట్టింది. మీరూ 45 సెకన్లే ఇస్తే, 260 వేగంతో తిన్నగా వెళ్తే 11,700 పిక్సెళ్లు. కొత్త చోట ఎవరూ తిన్నగా వెళ్లరు, సగం వేగమే లెక్కేయండి. వెనక్కి రావడానికి మళ్లీ సగం తీసేయండి. మిగిలేది 2,900 చిల్లర. గాలి దొరికే చోటు అంతకంటే దూరంలో ఉంటే అది పరీక్ష కాదు, శిక్ష.

రంగు దగ్గరికొస్తే, చెన్నైలో కూర్చుని కరేబియన్ నీలం ఎందుకు వేస్తారో నాకు అర్థం కాదు. మహాబలిపురం తీరానికి దగ్గర్లోనే, 5 నుంచి 8 మీటర్ల లోతులో, 2002లో డైవర్లు మునిగిన గోడల శిథిలాలు చూశారు. లెవెల్‌కి అంతకంటే మంచి చోటు ఏముంటుంది? కాకపోతే ఈ తీరంలో నీరు మట్టి కలిసి పచ్చగా ఉంటుంది, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో అడయారు, కూవం నదులు తెచ్చి కలిపేదాంతో ఇంకా మసక. తేటనీటిలో ఎరుపు ముందు పోయి నీలం చివరిదాకా నిలుస్తుంది. మన నీళ్లలో నీలాన్ని కూడా ఆ కుళ్లు, మట్టి తినేస్తాయి కాబట్టి చివరికి పచ్చే మిగులుతుంది. డ్రాగ్‌కి వాడిన ఎక్స్‌పొనెన్షియల్ లెక్కతోనే మీటరుకి ఎరుపు 0.35, పచ్చ 0.12, నీలం 0.25 చొప్పున తగ్గించి చూడండి. 5 మీటర్ల దగ్గర ఎరుపు 17 శాతం, పచ్చ 55, నీలం 29 మిగులుతాయి. ఇవి కంటికి నచ్చేలా ఎంచుకున్న అంకెలు, ల్యాబ్ కొలతలు కావు. టార్చ్ వెలుగులో ఎరుపు తిరిగొస్తుంది కాబట్టి గోడ మీద ఎర్ర గుర్తులు గీసి దాచొచ్చు, టార్చ్ వెయ్యనివాడికి అవి నల్ల మరకలే.

కెల్ప్ అనే పొడుగాటి సముద్రపు నాచు అడవులు మాత్రం పెట్టొద్దు, అవి చల్లని నీళ్లలో పెరుగుతాయి. వాటి బదులు రాళ్లకి చిక్కుకుని తెగిపోయిన వలలున్నాయిగా. వల చుట్టూ ఒక ఏరియా2డి, అంటే లోపలికి ఎవరొచ్చారో చెప్పే హద్దు గీసి, లోపలికి రాగానే డ్రాగ్ 9 చెయ్యండి. గరిష్ఠ వేగం 72కి పడిపోతుంది. కొత్త యానిమేషన్, కొత్త కోడ్ ఏమీ అక్కర్లేదు. ఊపిరి మీటర్ కరిగిపోతుంటే వలలో పడ్డవాడి కంగారు దానంతటదే వస్తుంది.

శబ్దానికి పై స్వరాలు కోసేసే లో-పాస్ ఫిల్టర్ ఒకటి, 800 హెర్ట్జ్ దగ్గర. నీటి పైకి తేలగానే 0.15 సెకనులో తీసేయాలి. మెనూ శబ్దాలు వేరే బస్‌లో, అంటే వేరే ఆడియో దారిలో ఉండాలి, లేకపోతే బటన్ నొక్కినా గోనెసంచిలోంచి వినిపిస్తుంది. నీటిలో ధ్వని సెకనుకు 1,500 మీటర్ల దాకా వెళ్తుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైనే. అందుకే అక్కడ చప్పుడు ఏ వైపు నుంచి వచ్చిందో చెవులు సరిగ్గా పట్టలేవు. శబ్దాన్ని ఎడమ, కుడి స్పీకర్లకి ఎంత విడదీయాలో చెప్పే ప్యానింగ్ స్ట్రెంగ్త్‌ని 0.3కి తగ్గిస్తే ఆ అయోమయం వస్తుంది.

చేపల గుంపుకి 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ చెప్పిన మూడు సూత్రాలే ఇప్పటికీ చాలు: పక్కదానికి తగలకు, అందరూ వెళ్లే వైపే వెళ్లు, గుంపు మధ్యకి జరుగు. 200 చేపలు ఒకదాన్నొకటి చూసుకుంటే ఫ్రేమ్‌కి దాదాపు 40,000 పోలికలు. నాలుగు వాటాలు చేసి ఫ్రేమ్‌కి ఒక వాటా మారుస్తూ పోండి, తేడా ఎవరికీ కనిపించదు.

తెలుగులో సబ్‌టైటిల్స్ పెట్టే ఉద్దేశం ఉంటే గోడో 3 జోలికి పోవద్దు, వత్తులు విడిపోతాయి. 4లో అక్షరాలు సరిగ్గా కూడుకుంటాయి గానీ నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్‌ని ప్రాజెక్ట్‌లోనే ఇంపోర్ట్ చెయ్యాలి, లేకపోతే బ్రౌజర్ బిల్డ్‌లో డబ్బాలు కనిపిస్తాయి. ఇంగ్లిష్‌కి సరిపోయిన లేబుల్ ఎత్తులో "స్త్రీ" కింది వత్తులు కోసుకుపోతాయి. లైన్ ఎత్తు కాస్త పెంచి, ఆ పదంతోనే టెస్ట్ చెయ్యండి.