ధైర్యం చెప్పే ముందు ఒక ప్రశ్న

ఒడిశాలోని బరంపురం దగ్గర మా తెలుగు ఊళ్లలో చాలా ఇళ్లకు సూరత్‌తో సంబంధం ఉంటుంది. మగవాళ్లు అక్కడ పవర్‌లూమ్ మిల్లుల్లో పనిచేస్తుంటారు. ఆడవాళ్లు ఇక్కడ పిల్లల్ని, అత్తమామల్ని, వారం వారం కట్టాల్సిన గ్రూపు లోన్లని చూసుకుంటారు. మహిళా సంఘం లెక్కలు రాసేది నేనే కాబట్టి ఎవరింట్లో డబ్బుకి ఇబ్బందో, ఎవరు మీటింగుకి రావడం మానేశారో నాకు ముందే తెలిసిపోతుంది. అందుకే ఆత్మహత్యల నివారణ మీద శిక్షణ ఉంది, సంఘం నుంచి ఒకరు రావాలి అని మా ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ అనగానే నా పేరు రాయించాను. మా అత్తగారికి నచ్చలేదు. "ఆ సావు మాటలు నేర్చుకోడానికి ఎల్తావేటే?" అన్నారు.

ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, టీచర్లు, మందుల షాపు వాళ్లు వచ్చారు. పురుగుమందులు అమ్మే ఆయన్ని కూడా పిలిచారు. అది చాలా మంచి పని అనిపించింది నాకు. చనిపోవాలన్న ఆలోచన ఎంత తీవ్రంగా వచ్చినా చాలామందిలో కాసేపటికి తగ్గుతుందట. ఆ కాసేపు ప్రమాదకరమైనవేవీ చేతికి అందకుండా చూస్తే ప్రాణం నిలుస్తుందని చెప్పారు. పాఠం ఒడియాలో సాగింది. తెలుగు వాళ్ల కోసం ఒక నర్సమ్మ మళ్లీ వివరించింది.

జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో చనిపోయారు. నలుగురిలో ఒకరికి పైగా రోజుకూలీలు. ఆడవాళ్ల కంటే మగవాళ్లే చాలా ఎక్కువ. ఆ మాట వినగానే మా వాళ్లంతా సూరత్‌లో ఉన్నవాళ్లనే తలుచుకున్నారు.

నిద్ర పట్టకపోవడం, నలుగురిలోకి రాకపోవడం, తాగుడు పెరగడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతేనే మీకు నయం" అనడం, ఇవన్నీ హెచ్చరికలే. చస్తానని అనేవాళ్లు చావరు అనే మాట పచ్చి అబద్ధం. అనుమానం వస్తే సూటిగా అడగాలి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా అని అందరం ఒకేసారి అడిగాం. కాదు, అడిగితే చాలామందికి బరువు దిగుతుంది అన్నారు.

తర్వాత ఇద్దరిద్దరం కూర్చుని ఒకరు కష్టం చెప్పడం, ఇంకొకరు వినడం సాధన చేశాం. శిక్షణ మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే. మన దగ్గర ఎవరైనా ఏడిస్తే వెంటనే ధైర్యం చెబుతాం. పిల్లల మొహం చూడు, దేవుడున్నాడు, ఇంతకన్నా కష్టాలు పడ్డవాళ్లు లేరా అంటాం. మనది ప్రేమే. కానీ ఎదుటి మనిషి చెప్పబోయింది అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ముందు వినాలి, మధ్యలో నిశ్శబ్దం వచ్చినా ఓర్చుకోవాలి. ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే ఒంటరిగా వదలకూడదు.

పోలీసు కేసు భయం గురించి కూడా మాట్లాడారు. చాలా ఇళ్లలో ఆ భయంతోనే విషయం దాచేస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. వైద్యం, ఆదరణ అందించడం ప్రభుత్వం బాధ్యత. ఇది ప్రతి ఇంటికీ తెలియాలి.

కొన్నాళ్లకు మా వీధిలో ఒక వదిన కిస్తీ కట్టడానికి రాలేదు. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. ఇంటికి వెళ్తే బంగారు ముక్కుపుడక ఆడపడుచుకి ఇచ్చేశానని చెప్పింది. నేను తలుపు దగ్గరగా వేసి కూర్చుని, "వదినా, బతకాలని లేదా? చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అవునంది. అప్పు గురించి, మిల్లులో పని తగ్గిందని ఇంటాయన ఫోన్ చేయడం మానేసిన సంగతి గురించి ఒక్కొక్కటే చెప్పింది. నేను మధ్యలో మాట్లాడలేదు. వాళ్ల అమ్మని పిలుస్తానని చెప్పి, ఒప్పించి పిలిచాను. ఇంట్లో మందులన్నీ తీసి వాళ్లమ్మ చేతికిచ్చాం.

అక్కడి నుంచే 14416కి ఫోన్ చేశాం. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు అది. ఎప్పుడైనా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో కూడా మాట్లాడతారు. మర్నాడు ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తోడు వెళ్లాను. మందులు రాశారు, మళ్లీ రమ్మన్నారు. కిస్తీల సంగతి సంఘంలో కూర్చుని గడువు పెంచాం. అప్పు తీరకుండా మాత్రలతోనే అంతా సర్దుకుంటుందని నేను అనుకోను.

మా శిక్షణలో లోటు ఏదైనా ఉందంటే, సూరత్ వెళ్లేవాళ్లు ఒక్కరూ లేకపోవడమే. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకి చాలామంది ఇంటికొస్తారు కదా. ఆ రోజుల్లోనే వాళ్లకి ఒక పూట శిక్షణ పెట్టమని మా సంఘం తరఫున అర్జీ ఇచ్చాం.