మెలితిరిగిన స్తంభం

కలకత్తా పార్క్ స్ట్రీట్ అనగానే అందరికీ హోటళ్లు గుర్తొస్తాయి. ఒకప్పుడు ఆ వీధిని శ్మశానం దారి అనేవారు. 1767లో మొదలైన ఆ తెల్లవాళ్ల శ్మశానం చూడాలనే నేను వెళ్లాను. మా ఆయనకు ఇలాంటి చోట్లు గిట్టవు; అయినా వెంట వచ్చారు.

లోపల చెట్ల నీడ, నాచు వాసన. ఇళ్లంత ఎత్తున గుమ్మటాలు, పిరమిడ్లు. ఒక సమాధి అచ్చం గుడిలా ఉంటే ఆయన ఆగిపోయారు. అది ‘హిందూ స్టువర్ట్’ది, హిందూ ఆచారాలు పట్టిన ఐర్లండ్ సైనికాధికారి. నేను వెతుకుతున్నది మాత్రం ఇరవై ఏళ్ల అమ్మాయిని.

దొరికింది. ఉతికి పిండిన చీరలా మెలితిరిగి, పైకి పోనుపోను సన్నబడే స్తంభం. మెలికల సందుల్లో నాచు. రోజ్ ఎయిల్మర్. వేల్స్‌లో ఆమెను ఎరిగిన కవి వాల్టర్ సావేజ్ లాండర్, ఆమె పోయాక రాసిన ఎనిమిది పాదాల కవితను తర్వాతి కాలంలో ఎవరో ఇక్కడ చెక్కించారు. అంత రాచకుదురు, అంత అందం ఉండి ఏం లాభం అని కవి దుఃఖం.

రాచకుదురు అనడం కాస్త ఎక్కువే. ఎయిల్మర్లది ఐర్లండ్ మీత్ ప్రాంతంలోని బాల్‌రాత్. ఆ ఇంటివాడైన నౌకాదళాధిపతి మాథ్యూ ఎయిల్మర్‌కు 1718లో బ్యారన్ బిరుదు వచ్చింది. రోజ్ నాలుగో బ్యారన్ కూతురు. బిరుదు ఉంది గానీ నీడ నిలవలేదు. 1785లో తండ్రి పోయాడు, తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది, పిల్ల చివరికి కలకత్తాలో తల్లి తోబుట్టువు ఇంటికి చేరింది. ఆ ఇంటాయన ఇక్కడి సుప్రీంకోర్టు జడ్జి సర్ హెన్రీ రసెల్. 1800 మార్చి 2న రోజ్ చనిపోయింది. కలరా అంటారు. అప్పుడు ఈ ఊళ్లోనే ఉన్న వకీలు విలియం హికీ మాత్రం తన జ్ఞాపకాల్లో నేరమంతా అనాసపండు మీద వేశాడు, అతిగా తిన్నదట!

ఈ పిల్ల కోసం హైదరాబాదు నుంచి రావడానికి కారణం ఆ రసెల్ పేరే. ఆయన కొడుకు, ఇంకో హెన్రీ, 1820 దాకా దాదాపు పదేళ్లు మా ఊళ్లో రెసిడెంటు, అంటే నిజాం దగ్గర ఇంగ్లిషువాళ్ల ప్రతినిధి. మన వరసల్లో రోజ్‌కు తమ్ముడు. అంతకుముందు రెసిడెంటుగా ఉన్న కిర్క్‌పాట్రిక్ చనిపోయాక ఆయన భార్య ఖైరున్నీసాను చేరదీసి, ఆనక మచిలీపట్నంలో వదిలేసి వేరే పెళ్లి చేసుకున్న ఘనుడు. అతను దర్జా వెలగబెట్టిన రెసిడెన్సీయే కోఠి మహిళా కళాశాల అయింది. దాని మెట్ల మీద కూర్చుని నేను ఎన్ని టిఫిన్ డబ్బాలు ఖాళీ చేశానో.

“మీ కాలేజీవాళ్ల చుట్టమన్నమాట,” అన్నారు మా ఆయన.

బయటికొస్తే రోడ్డు పక్క బండి మీద అనాస ముక్కలు, పైన ఉప్పూ కారం. ఆయన రెండు పొట్లాలు కట్టించారు. నాది కూడా ఆయనే తిన్నారు.