కెనడీ కారు ముందు నిలబడితే ఏం చూడాలి

చౌమహల్లా ప్యాలెస్‌లో పసుప్పచ్చ రోల్స్ రాయిస్‌ను చూసినవాళ్ళకు దాని వెనక సీటు గుర్తుండే ఉంటుంది. అది సీటు కాదు, గద్దె. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆర్డరిచ్చాడు. బండి చేరేలోగా ఆయన కన్నుమూశాడు, ఎక్కే యోగం ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. పాలకుడు ఎత్తున కూర్చోవాలి, దారికి రెండు పక్కలా నిలబడ్డ జనానికి కనబడాలి. బార్కర్ కంపెనీ బాడీ కట్టింది ఆ లెక్కతోనే.

50 ఏళ్ళ తర్వాత, 1961లో, అమెరికా అధ్యక్షుడు కెనడీ కోసం తయారైన ఫోర్డ్ కంపెనీ లింకన్ కాంటినెంటల్‌లోనూ అదే లెక్క. దాని వెనక సీటు హైడ్రాలిక్ ఏర్పాటుతో పదిన్నర అంగుళాలు పైకి లేచేది. చిత్రమేమిటంటే రెండు ఇంజిన్లూ ఇంచుమించు 7 లీటర్లవే. రోల్స్‌ది ఆరు సిలిండర్ల 7.4 లీటర్లు, లింకన్‌ది వి8. అయితే రోల్స్‌కు బ్రేకులు వెనక చక్రాలకే ఉండేవి, స్టార్ట్ చేయాలంటే ముందు హ్యాండిల్ తిప్పాలి.

ఆ లింకన్ ఇప్పుడు డెట్రాయిట్ పక్కనే, డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. హైదరాబాద్ నుంచి ట్రాయ్‌కో, నోవైకో, కాంటన్‌కో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు నోవై వెంకటేశ్వరస్వామి గుడి అయ్యాక, నయాగరా అయ్యాక, ఏదో ఒక శనివారం ఇక్కడికీ వస్తారు. కారు ముందు నిలబడి "కెనడీని కాల్చింది ఇందులోనేనట" అనుకుని, ఫోటో దిగి ముందుకు కదులుతారు. ఆ మాట నిజమే గానీ సగమే. 1963 నవంబర్ 22న డల్లాస్‌లో తిరిగిన బండికి పైకప్పు లేదు, రంగు ముదురు నీలం. ఇక్కడున్నది నల్లది, కప్పు బిగించేసినది. బండి ఒకటే, దాని తీరు వేరు. ఈ తేడా తెలియకుండా చూస్తే చూసినట్టే కాదు.

మొదటి రూపం సంగతి ముందు. విక్సమ్ ఫ్యాక్టరీలో (నోవైకి పక్క ఊరే) మామూలు నాలుగు తలుపుల కన్వర్టిబుల్‌గా తయారైంది. షోరూమ్ ధర 7,347 డాలర్లు. అక్కడి నుంచి సిన్సినాటిలోని హెస్ అండ్ ఐసెన్‌హార్ట్ కంపెనీకి పంపారు. వాళ్ళు నడిమికి కోసి మూడున్నర అడుగులు సాగదీశారు. అన్ని హంగులూ అమిరేసరికి ఖర్చు దాదాపు 2 లక్షల డాలర్లయింది. బండి మాత్రం ఫోర్డ్ సొంతమే. అధ్యక్షుడి కాపలా చూసే సీక్రెట్ సర్వీస్ ఏడాదికి 500 డాలర్లు అద్దె కట్టేది. అధ్యక్షుడు రోజూ ఎక్కే బండి మీద లింకన్ కార్ల గుర్తు ఉంటే అంతకుమించిన ప్రకటన ఏముంటుంది!

కోసి సాగదీయడం అన్నంత తేలిక కాదు. జీపుకైతే కింద ఛాసిస్ వేరు, మీద బాడీ వేరు, ఛాసిస్ పొడిగిస్తే సగం పని అయినట్టే. 1961 లింకన్‌కు విడి ఛాసిస్ లేదు. ఫ్లోరు, పక్కలు అన్నీ కలిసే బరువు మోస్తాయి. పైగా కన్వర్టిబుల్ కాబట్టి బిగువునిచ్చే కప్పు కూడా లేదు. అగ్గిపెట్టె డొల్ల తీసేసి లోపలి అరను రెండు చేతులతో మెలిపెట్టి చూడండి, విషయం అర్థమవుతుంది. కింద గట్టి ఇనుము వేయకుండా అలాంటి బండిని పొడిగిస్తే, ఒక చక్రం గుంతలో దిగగానే తలుపులు పట్టేస్తాయి, సందులు ఒకచోట విచ్చుకుని ఇంకోచోట మూసుకుపోతాయి, ముందు అద్దం మూల నుంచి చీలుతుంది. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు వెళ్ళే షాఫ్ట్‌తో మరో చిక్కు. పొడుగు షాఫ్ట్ వేగం పెరిగేకొద్దీ నడుము ఊగుతుంది. అందుకే సాగదీసిన బండ్లలో సాధారణంగా దాన్ని రెండు ముక్కలు చేసి మధ్యలో బేరింగ్ పెడతారు. ఆ బేరింగ్ రబ్బరు అరిగితే మొదట తెలిసేది వెనక కూర్చున్న పెద్దమనిషికే, కాళ్ళ కింద గుడగుడ మొదలవుతుంది. మ్యూజియంలో ముందు తలుపుకూ వెనక తలుపుకూ మధ్యనున్న అదనపు భాగాన్ని గమనించండి. మడత సీట్లు వచ్చేది అక్కడే.

ఆ మడత సీటు చరిత్రకెక్కింది. డల్లాస్‌లో కెనడీ ముందు మడత సీట్లో టెక్సస్ గవర్నర్ కానలీ కూర్చున్నాడు. అది వెనక సీటు కంటే కాస్త కిందికి, తలుపు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. ఒకే తూటా ఇద్దరికీ ఎలా తగిలిందన్న వాదనలో బొమ్మలు గీసేవాళ్ళు చాలామంది ఇద్దరినీ ఒకే వరసలో, ఒకే ఎత్తులో కూర్చోబెడతారు. తూటా గాల్లో వంకర్లు తిరిగిందన్న వెటకారం పుట్టింది ఆ బొమ్మల నుంచే. సీట్ల అమరిక తెలిశాక మాట్లాడితే సగం గొడవ తగ్గుతుంది.

ఇంకో అపోహ కూడా ఉంది, పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పు వేసి ఉంటే బతికేవాడని. ఆ కప్పు తూటాను ఆపేది కాదు. వానకూ గాలికీ అడ్డం, అంతే. ఆ పొద్దున వాన ఆగింది కాబట్టి వేయలేదు. వేసినా ఎండలో సుఖం లేదు. మే నెలలో ట్యాంక్‌బండ్ మీద అద్దాలెత్తి ఆపిన కారు ఎలా ఉడుకుతుందో, ఆ కప్పు కింద అలాగే ఉంటుంది. ఊరేగింపులో బండి నడక వేగంతో పోతుంది, రేడియేటర్‌కు గాలి తగలదు, ఏసీకి ఇంజిన్ బలం చాలదు.

హత్య తర్వాత ఆ బండిని తుక్కు చేస్తారని ఎవరైనా అనుకుంటారు. చేయలేదు. కొత్తది కట్టాలంటే ఏళ్ళు పట్టేది, అధ్యక్షుడికేమో వెంటనే బండి కావాలి. 1963 డిసెంబర్ నుంచి ఆరు నెలల పాటు, 5 లక్షల డాలర్లకు పైగా పోసి దీన్నే మళ్ళీ కట్టారు. పగిలిన ముందు అద్దాన్ని నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రపరిచారు. ఊడదీయలేని కప్పు, తూటాలను తట్టుకునే అద్దాలు, టైటానియం కవచం, పేలుడును తట్టుకునే పెట్రోల్ ట్యాంకు, గాలి పోయినా నడిచేలా టైర్ల లోపల అల్యూమినియం చట్రాలు, డిక్కీలో రెండో ఏసీ అమర్చారు. ఉక్కుకు బదులు టైటానియం ఎందుకంటే, అంతే పరిమాణంలో దాని బరువు ఉక్కులో 60 శాతం లోపే.

అయినా బరువు తప్పలేదు. సుమారు 3,500 కిలోలున్న బండి 4,400 దాటింది. అంటే ఒకటిన్నర నానో కార్లను నెత్తిన ఎక్కించినట్టు. కొత్త ఇంజిన్ బలం 17 శాతం పెంచారని అందరూ మెచ్చుకుంటూ రాస్తారు. బరువు పాతిక శాతం పెరిగిందని పక్కనే రాయరు. లెక్క వేస్తే బండి మునుపటికంటే మందగించినట్టే. కవచం బండ్లన్నిటిలో జరిగేదిదే. బరువుకు ముందు బలయ్యేవి బ్రేకులు, తర్వాత తలుపు కీళ్ళు. కీలు అరిగిన తలుపు కిందికి జారుతుంది, ఎత్తి మూయాల్సి వస్తుంది. అద్దాలదీ అదే వరస. ఆ అద్దం గాజు, ప్లాస్టిక్ పొరల దొంతర. పైనున్న గాజు తూటాను చిదిమితే లోపలి ప్లాస్టిక్ పెంకులను పట్టుకుంటుంది. ఎండకు గాజూ ప్లాస్టిక్కూ ఒకే మోతాదులో వ్యాకోచించవు, అంచుల దగ్గర పొరలు విడిపోయి పాలలాంటి మచ్చలు మొదలవుతాయి. మన ఎండల్లో తిరిగే కవచం బండ్లకు ఈ జబ్బు మరీ తొందరగా వస్తుంది.

ఆ తర్వాత కథ నాకు మరీ ఇష్టం. అంత ఖర్చు పెట్టి మూసేసిన బండికి అధ్యక్షులే ఒక్కో కంత పెట్టించుకున్నారు. నీలం రంగు డల్లాస్‌ను గుర్తుచేస్తోందని, కెనడీ తర్వాత అధ్యక్షుడైన జాన్సన్ నలుపు వేయించాడు. వెనక తలుపు అద్దం దిగాల్సిందేనన్నాడు, దించే ఏర్పాటు చేశారు. నిక్సన్ కాలంలో పెద్ద కప్పు అద్దాన్ని చిన్నది చేసి, నిలబడి చేయి ఊపడానికి తెరుచుకునే పలక పెట్టారు. చౌమహల్లా గద్దె వెనకున్న కోరికే ఇదీ. మన రాష్ట్రపతుల గుర్రపు బగ్గీ కూడా 1984 తర్వాత గణతంత్ర దినోత్సవానికి రావడం మానేసి, 2024లో మళ్ళీ బయటికొచ్చింది.

1977లో ఈ లింకన్‌కు విశ్రాంతి ఇచ్చారు. మ్యూజియంలో అధ్యక్షుల బండ్ల వరస మొత్తం ఒకేచోట ఉంటుంది. థియోడర్ రూజ్‌వెల్ట్ గుర్రపు బండి, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1939 లింకన్, ఐసెన్‌హోవర్ ఎక్కిన 1950 లింకన్, కెనడీది, ఆ తర్వాత 1972 లింకన్. చివరి దాన్ని జనం దాటేస్తారు. దాటేయొద్దు. 1981లో రేగన్ మీద కాల్పులు జరిగినప్పుడు తూటా ఆయనకు నేరుగా తగల్లేదు. ఈ బండి కవచానికి కొట్టుకుని పక్కకు తిరిగి, తెరిచిన తలుపు సందులోంచి ఆయన చంక కింద దిగింది. తలుపు వైపు నిలబడి ఆ సందు ఎంతుంటుందో ఊహించుకోండి.

టికెట్ తీసుకునేటప్పుడు జాగ్రత్త. పక్కనే ఉన్న గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌కు టికెట్ వేరే, కార్లు ఉండేది మ్యూజియం భవనంలో. పొద్దున 9:30కు తెరవగానే వెళ్తే బండి చుట్టూ తిరిగి తీరిగ్గా చూడొచ్చు. తిరిగొచ్చాక చౌమహల్లాకు మరోసారి వెళ్ళాలనిపిస్తే శుక్రవారం పెట్టుకోకండి, ఆ రోజు మూత.