బాణం గుర్తులు, బ్యాంకు సంతకాలు

మా రిటైర్డ్ బ్యాంకు వాళ్ల వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక బొమ్మ వచ్చింది. ఎడమ పక్క హిట్లర్, కుడి పక్క ముసుగేసుకున్న తుపాకీ మనిషి, మధ్యలో నాలుగు బాణాలు. ఉగ్రవాదం మొత్తం అక్కడి నుంచే పుట్టిందట. నేను ముప్ఫై రెండేళ్లు ఓచర్లు చూసినవాణ్ని. బాణం గీస్తే సరిపోదు, సొమ్ము ఎవరి సంతకం మీద కదిలిందో చూపించాలి.

అలా సంతకంతో సహా దొరికే మనిషి ఒకడున్నాడు. ఫ్రాన్సువా జెనూ, 1915లో లొజాన్‌లో పుట్టిన స్విస్ దొర. కుర్రతనంలోనే హిట్లర్‌ని కలిశాడు, చచ్చేదాకా ఆ భక్తి దాచుకోలేదు. యుద్ధం అయ్యాక హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ రాతల హక్కులు వారసుల దగ్గర రాయించుకున్నాడు. 1987లో ఫ్రాన్స్‌లో నాజీ రహస్య పోలీసు అధికారి క్లాస్ బార్బీ మీద విచారణ జరిగినప్పుడు అతని డిఫెన్సుకి అండగా నిలబడ్డాడు.

ఇదే మనిషి 1958లో జెనీవాలో అరబ్ కమర్షియల్ బ్యాంకు పెట్టడంలో భాగస్వామి. అల్జీరియా విముక్తి పోరాటం సొమ్ము, నాలుగు కోట్ల స్విస్ ఫ్రాంకుల పైచిలుకు, అక్కడికే చేరింది. ఖాతా మీద అధికారం ఆ పోరాటం నడిపిన పార్టీ ఖజానా చూసే మహమ్మద్ ఖిదర్‌ది. స్వాతంత్ర్యం వచ్చాక నాయకత్వంతో చెడింది, సొమ్ము ఇవ్వనన్నాడు. మా బ్రాంచిలో ఒక గుడి కమిటీ ఖాతా ఇలాగే ఇరుక్కుంది. కోశాధికారి పాస్‌బుక్ పంచె మడతలో దోపుకుని కౌంటర్ ముందు బైఠాయించాడు, దసరాకి పందిరి వేయించడానికి పైసా లేదు. అక్కడ రాజీ కుదిరింది. ఖిదర్‌ని మాత్రం 1967 జనవరిలో మాడ్రిడ్‌లో కాల్చి చంపారు. అల్జీరియా ఆ సొమ్ము కోసం ఏళ్ల తరబడి స్విస్ కోర్టుల చుట్టూ తిరిగింది.

ఇక 1972 ఫిబ్రవరి. ఢిల్లీ నుంచి ఏథెన్స్ బయల్దేరిన లుఫ్తాన్సా జంబో విమానాన్ని పాలస్తీనా మిలిటెంట్లు హైజాక్ చేసి యెమెన్‌లోని ఏడెన్‌లో దించారు. అమెరికా నాయకుడు రాబర్ట్ కెనడీ కొడుకు జోసెఫ్ అందులో ఉన్నాడు. జర్మన్లు 50 లక్షల డాలర్లు చెల్లించారు. ఆ సొమ్ము అడుగుతూ వచ్చిన ఉత్తరం వెనక తన చెయ్యి ఉందని జెనూ తన జీవితకథ రాసినాయనకి స్వయంగా చెప్పుకున్నాడు. గొప్పలకు పోయే మనిషి మాట కాబట్టి కొంచెం తరుగు వేసుకునే చదవాలి.

కాబట్టి లింకు ఉంది. కానీ ఎంత? హైజాక్ చేయించింది పాలస్తీనా నాయకుడు జార్జ్ హబష్ పార్టీ. ఆయన క్రైస్తవ కుటుంబంలో పుట్టిన డాక్టరు, మార్క్సిస్టు. నాజీ భక్తుడికీ మార్క్సిస్టుకీ ఒకే టేబుల్ మీద పని ఎలా కుదిరిందంటే, ఇద్దరికీ శత్రువు ఒక్కటే కావడం. జెనూకి యూదులంటే ద్వేషం. పాలస్తీనా వాళ్లకి పోయిన భూమి కోసం పోరాటం. సాయం చేసినవాడు నాజీ అయినంత మాత్రాన తీసుకున్నవాడి గొడవ నాజీ గొడవ అయిపోదు. అలాగని ఆ విమానంలో పిల్లాజెల్లాతో కూర్చున్నవాళ్లకి ఈ తేడాతో పనేముంది?

జెనూ 1996లో విషం తాగి చనిపోయాడు.

ఇదంతా గ్రూపులో పెట్టి, బాణం గీయాలంటే ఈయన దాకా గీసుకోండి, దాటొద్దు అన్నాను. కాసేపటికి ఒకాయన అడిగాడు, “ఈ జెనూ ఎవరండీ, మన జోనల్ ఆఫీసులో చేశాడా?”