ఆస్పిరిన్ ఎవరికి వద్దన్నారో కూడా చెప్పండి

మన ఇళ్ళల్లో అరవై దాటినవాళ్ళ మందుల డబ్బా తెరిస్తే షుగర్ బిళ్ళ, బీపీ బిళ్ళ పక్కనే ఆస్పిరిన్ స్ట్రిప్ కూడా చాలాసార్లు కనిపిస్తుంది, ఎందుకని అడిగితే రక్తం పలచగా ఉండాలి కదమ్మా అంటారు. కొందరికి డాక్టర్ రాసిచ్చిందే, కొందరు మాత్రం పక్కింటాయన వేసుకుంటున్నాడని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ళ తరబడి వేసుకుంటూనే ఉంటారు.

మొన్న మా ఫ్యామిలీ గ్రూపులో దీనికి పూర్తిగా రివర్స్ మెసేజ్ వచ్చింది. పెద్దవాళ్ళు ఆస్పిరిన్ వెంటనే ఆపేయాలి, విదేశీ పరిశోధనలో తేలింది, అందరికీ పంపండి అని. అది చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఎందుకంటే ఆ గ్రూపులోనే స్టెంట్ వేయించుకున్న మా పెదనాన్న ఉన్నారు. వెంటనే ఫోన్ చేస్తే "ఏమ్మా, రేపట్నుంచి మానేద్దామా?" అని ఆయనే అడిగారు. "అస్సలు ఆపకండి పెదనాన్నా, అది మీలాంటివాళ్ళ మీద చేసింది కాదు" అన్నాను.

ఆ పరిశోధన నిజమైనదే, మంచిదే కూడా. పేరు ఆస్ప్రీ, ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ వాళ్ళు ముందుండి నడిపారు, అమెరికాలో కూడా కొంతమందిని చేర్చుకున్నారు. మొత్తం 19,114 మంది, దాదాపు అందరూ 70 దాటినవాళ్ళే, చేరేనాటికి గుండెజబ్బు గానీ పక్షవాతం గానీ డిమెన్షియా (మతిమరుపు జబ్బు) గానీ లేనివాళ్ళు. సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతా సగానికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే మందు లేని బిళ్ళ ఇచ్చి ఐదేళ్ళకి కాస్త తక్కువగా గమనించారు. నాకు బాగా నచ్చింది వాళ్ళు వేసుకున్న ప్రశ్న. డిమెన్షియా రాకుండా, మంచాన పడకుండా, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ బతికే కాలం పెరుగుతుందా అని. పెద్దవాళ్ళు కోరుకునేది కూడా అదే కదా. 2018లో ఫలితాలొచ్చాయి, పెరగలేదు. తీవ్రమైన రక్తస్రావాలు మాత్రం పెరిగాయి.

ఎంత పెరిగాయి అనేది చెప్పేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండాలి. 38 శాతం పెరిగాయి అని రాయొచ్చు, అబద్ధమేం కాదు, కానీ మా పిన్ని అది వింటే వందలో 38 మందికి రక్తం పోతుందనుకుంటుంది. అసలు లెక్క ఏంటంటే మందు లేని బిళ్ళ వేసుకున్నవాళ్ళలో వెయ్యికి 28 మందికి అలా జరిగితే ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ళలో 38 మందికి జరిగింది, అంటే వెయ్యికి ఓ పదిమంది ఎక్కువ. ఇలా చెబితే మా పిన్ని తనే అడుగుతుంది, లాభం లేనప్పుడు ఆ పదిమందిలో నేనెందుకుండాలి అని. చక్కటి ప్రశ్న.

ఇంకోటి, ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ళలో క్యాన్సర్ మరణాలు కూడా కొంచెం ఎక్కువ కనిపించాయి. ఆ ముక్క ఒక్కటీ పట్టుకుని ఆస్పిరిన్‌తో క్యాన్సర్ అని హెడ్డింగ్ పెట్టేయడం ఎంతసేపు? కానీ అంతకుముందు ట్రయల్స్‌లో ఇలా రాలేదు, అందుకే దీన్ని ఆచితూచి అర్థం చేసుకోవాలని పరిశోధకులే రాశారు. ఆ మాట వదిలేసి మిగతాది చెప్పడం నా దృష్టిలో సగం అబద్ధం చెప్పినట్టే.

2022లో అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, అంటే జబ్బులు రాకుండా ఏం చేయాలో సలహాలిచ్చే నిపుణుల బృందం కూడా గుండెజబ్బు లేనివాళ్ళు 60 దాటాక ముందుజాగ్రత్త కోసమని ఆస్పిరిన్ కొత్తగా మొదలుపెట్టొద్దని చెప్పింది. కొత్తగా మొదలుపెట్టొద్దు అనడం వేరు, వేసుకుంటున్నది ఆపేయమనడం వేరు. స్టెంట్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఆపేస్తే స్టెంట్లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. హార్ట్ ఎటాక్ వచ్చి తగ్గినవాళ్ళదీ వేరే లెక్క. ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఈ రెండు లైన్లు చేర్చలేకపోతే దయచేసి పంపకండి.

నా బాధ ఇంకోటుంది. నిజంగా పనికొచ్చే మాట ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. పెద్దవాళ్ళు పడిపోకుండా ఉండటానికి వ్యాయామం పనిచేస్తుందా అని 108 ట్రయల్స్ కలిపి చూసిన రివ్యూ 2019లో వచ్చింది, చేసింది ఇలా వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచి చూసే కోక్రేన్ అనే సంస్థ. వెయ్యిమంది ఏడాదిలో 850 సార్లు పడిపోతారనుకుంటే వ్యాయామం చేయిస్తే అందులో దాదాపు 195 తగ్గుతాయని తేలింది. మందూ మాకూ లేదు, బ్యాలెన్స్ కుదిరే కసరత్తులు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటివే. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డవాళ్ళని చూసిన ఎవరికైనా ఆ 195 ఎంత పెద్ద సంఖ్యో తెలుస్తుంది.

పిన్నికి ఇదే చెప్పాను. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడొచ్చా అని అడిగింది. నిలబడొచ్చు, కానీ మోకాళ్ళ నొప్పులున్నా, కళ్ళు తిరుగుతున్నా ముందు ఫిజియోని అడగండి, మొదటి వారం పక్కన ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి.