లాంగ్‌టర్మ్ లేకుండా సీటు: నాన్న పద్దు పుస్తకంలో నా నీట్

ఇంటర్ బైపీసీ చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రాస్తున్నాను. లాంగ్‌టర్మ్ అంటే ఇంటర్ అయ్యాక మరో ఏడాది ఆగి కోచింగ్ తీసుకోవడం. నేను అలా ఆగకుండా, రెండో సంవత్సరం పరీక్షలు రాసిన వేడిలోనే 2025 మే 4న వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్ రాశాను. 720కి 506 వచ్చాయి. తెలంగాణలో కన్వీనర్ కోటా (ర్యాంకును బట్టి రాష్ట్రం నింపే సీట్లు) కింద ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు వచ్చింది. ఫ్లెక్సీలకెక్కే మార్కులు కావివి. కానీ ఆ ఏడాది దేశం మొత్తానికి మొదటి ర్యాంకు వచ్చినవారికే 686 అని గుర్తు పెట్టుకుంటే, 506 ఎలాంటి మార్కో అర్థమవుతుంది.

పదో తరగతి వరకు నాది తెలుగు మీడియం. కిరణజన్య సంయోగక్రియ, హరితరేణువు అంటూ హాయిగా చదువుకున్న పాఠమే ఇంటర్‌లో ఫోటోసింథసిస్, క్లోరోప్లాస్ట్ అయి కూర్చుంది. మొదటి సంవత్సరం వారాంతపు పరీక్షల్లో 250 దాటిన రోజు లేదు. నీట్ తెలుగులోనూ రాయవచ్చు. నేను ఆలోచించి ఇంగ్లిష్‌నే ఎంచుకున్నాను, ఎందుకంటే బయాలజీ ప్రశ్నలు ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాల వాక్యాలను పట్టుకునే వస్తాయి. ఆ వాక్యం ఏ మాటల్లో చదివామో అదే మాటల్లో ఎదురైతే చేయి ఆగదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవారు మొదటి ఆరు నెలలు మార్కులు చూసి కుంగిపోవద్దు. అది బయాలజీ రాకపోవడం కాదు, భాష ఇంకా అలవాటు కాకపోవడం.

నా చదువు దారిలో పడింది దసరా సెలవుల్లో. మాది కిరాణా కొట్టు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని టెస్టు పేపర్లు తిరగేస్తుంటే, తప్పులన్నీ ఎక్కడ రాసుకుంటున్నావని నాన్న అడిగారు. ఎక్కడా రాయడం లేదన్నాను. "రాసుకోని బాకీ వసూలవుతుందా?" అని అరలోంచి పొడవాటి కొత్త పద్దు పుస్తకం ఒకటి తీసి ఇచ్చారు. అప్పటి నుంచి పోయిన ప్రతి మార్కూ బాకీయే. తేదీ, పాఠం పేరు, ఎన్ని మార్కులు పోయాయి, ఎందుకు పోయాయి అనే నాలుగు గళ్లు. తర్వాతి రెండు టెస్టుల్లో అదే రకం ప్రశ్న సరిగ్గా చేస్తేనే గీత కొట్టేదాన్ని. ఒక్కసారి చేస్తే కొట్టకూడదని నియమం పెట్టుకున్నాను.

నెల తిరిగేసరికి నా తప్పుల అసలు రంగు బయటపడింది. పాఠం రాక పోయినవి సగం కూడా లేవు. ప్రశ్నలో 'సరికానిది ఏది' అని ఉంటే సరైనదాన్ని పెట్టి రావడం ఒక్కటే నెలలో తొమ్మిదిసార్లు. ఫిజిక్స్‌లో సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చకపోవడం పదకొండుసార్లు. ఇక అంకెల గందరగోళం. గుండె ఒక్కో స్పందనకు దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తం పంపుతుంది, నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుంది, రెండూ గుణిస్తే నిమిషానికి ఐదు లీటర్లు. ఇది నాకు తెలుసు. తెలిసీ, ఒక హృదయ చక్రానికి పట్టే 0.8 సెకండు దగ్గర 0.08 పెట్టి వచ్చాను. ఇలాంటి తప్పుకు పాఠం మళ్లీ చదివి లాభం లేదు. మందు వేరు. 'సరికాని' అన్న మాట చుట్టూ పెన్నుతో సున్నా చుట్టడం మొదలుపెట్టాను, పెద్ద పరీక్షలోనూ అదే చేశాను.

తప్పు సమాధానానికి ఒక మార్కు కోత అంటారు గానీ, రావలసిన నాలుగుతో కలిపితే తేడా ఐదు. కొట్టు లెక్కల్లో పెరిగినందుకేమో, ఇది నాకు తొందరగానే ఎక్కింది.

ఇంటర్ పరీక్షల సంగతి. ఇంటర్, నీట్ ఒకే సిలబస్ కదా, ఒకటి చదివితే రెండోది వచ్చేస్తుందని చెప్పేవారుంటారు. నమ్మకండి. ఇంటర్‌లో ఎనిమిది మార్కుల ప్రశ్నకు బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పేజీలు నింపాలి. నీట్‌లో 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. రెండింటికీ చేతి అలవాటే వేరు. జనవరి వరకు నీట్‌కే పెద్ద పీట వేశాను. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, రికార్డులు మొదలయ్యాక బోర్డు పరీక్షల వైపు తిరిగాను, అయినా పొద్దున లేవగానే ముప్పై ఫిజిక్స్ బిట్లు మాత్రం మానలేదు. బంధువుల్లో ఒకాయన "ఇంటర్ మార్కులకు వెయిటేజీ ఉంటుంది, 980 దాటాలి" అని ఒకటే పోరు. అది నీట్ రాకముందు, రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎంసెట్ నాటి మాట. నీట్ ర్యాంకులో ఇంటర్ మార్కులు కలవవు. జనరల్ వారికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలు కలిపి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ వారికి 40 శాతం ఉంటే అర్హత. అలాగని బోర్డు పరీక్షను గాలికి వదిలేయకండి, అక్కడ తప్పితే ఇక్కడ ఎన్ని మార్కులొచ్చినా వృథా. వయసు కూడా చూసుకోండి. చేరే సంవత్సరం డిసెంబర్ 31కి 17 నిండాలి.

మార్చి మూడో వారంలో ఇంటర్ అయిపోయింది. మిగిలినవి ఆరు వారాలు. మా కళాశాలలో రోజూ ఒక గ్రాండ్ టెస్టు పెట్టారు. మూడు గంటలు రాయడం, సాయంత్రం కీ చూసుకోవడం, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. తప్పులు సరిదిద్దుకునే తీరికే లేదు. వారం గడిచాక ఇంచార్జి సార్‌ను బతిమాలి రోజు విడిచి రోజు టెస్టు రాయడానికి ఒప్పించాను. ఆయనకది నచ్చలేదు, రెండు రోజులు మాట్లాడలేదు కూడా. మధ్య రోజంతా పద్దు పుస్తకం, ఎన్‌సీఈఆర్‌టీ, అంతే. అందరూ కొంటున్నారని కొన్న రెండు మెటీరియల్ పుస్తకాల అట్టలు కూడా మడత పడలేదు.

పరీక్ష రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు గేటు మూసేస్తారు. నేను పదకొండున్నరకే వెళ్లి చింతచెట్టు నీడన కూర్చున్నాను. బూట్లు, పొడుగు చేతుల చొక్కాలు కుదరవు. పెన్ను వాళ్లే ఇస్తారు. రెండింటికి మొదలు. నా వరుస బయాలజీ, కెమిస్ట్రీ, ఆఖరున ఫిజిక్స్. ప్రతి పేజీ కాగానే ఆ పేజీ జవాబులు ఓఎంఆర్ (బుడగలు దిద్దే జవాబు పత్రం)లో నింపేయడం నా పద్ధతి. చివర్లో ఒకేసారి దిద్దుదామని ఒక గ్రాండ్ టెస్టులో ఒక వరుస తప్పి పద్నాలుగు బుడగలు జరిగిపోయాయి, ఆ భయం అంత తొందరగా పోదు. ఫిజిక్స్ తెరిచాక చేతులు చల్లబడ్డాయి. ఆ ఏడాది ఫిజిక్స్ ఎంత కష్టంగా వచ్చిందో రాసినవారందరికీ తెలుసు. పక్క బల్ల అబ్బాయి పెన్ను కింద పెట్టి తల పట్టుకున్నాడు. నేను మొదటి చుట్టులో చేయగలిగినవి పదమూడే. రెండో చుట్టులో ఇంకొన్ని. చివరికి పదిహేడు వదిలేసి వచ్చాను. 20 సరైనవి, 8 తప్పు, 72 మార్కులు. కెమిస్ట్రీ 112. బయాలజీ 90 ప్రశ్నల్లో 82 సరైనవి, 6 తప్పు, 2 వదిలేశాను, 322 మార్కులు. సీటు తెచ్చింది బయాలజీయే. ఆ పదిహేడూ గుడ్డిగా దిద్ది ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనుకుంటాను.

కౌన్సెలింగ్‌కు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ పత్రాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఫలితాలొచ్చాక తహసీల్దారు కార్యాలయం ముందు వరుస ఎంత పొడవుంటుందో చూశాను. రాష్ట్ర కోటాకు వరంగల్ కాళోజీ విశ్వవిద్యాలయం, 15 శాతం అఖిల భారత కోటాకు కేంద్రం తరఫున కౌన్సెలింగ్ జరిపే ఎంసీసీ, రెండింట్లోనూ విడివిడిగా నమోదు చేసుకోవాలి.

హాస్టల్‌కు బయలుదేరేటప్పుడు పుస్తకం వెంట తీసుకెళ్దామనుకున్నాను. సగం పేజీలు ఖాళీగా ఉన్నాయని నాన్న తీసేసుకున్నారు. ఇప్పుడందులో ఒకవైపు నా కెపాసిటర్లు, మరోవైపు వీధిలోవాళ్ల పప్పు, నూనె. మొన్న సెలవులకు వెళ్లినప్పుడు తిరగేస్తే రొటేషనల్ మోషన్ కింద మూడు బాకీలు ఇంకా గీత పడకుండానే ఉన్నాయి.